తునికి చీల

సైకిలు తలకిందులు చెయ్యను. చచ్చినా చెయ్యను. ఇప్ప చెట్టుకు ఆనించి నిలబెట్టాను. చూసేవాళ్లకు నీడ కోసం ఆగినట్టే ఉంటుంది, ముసలమ్మ కాసేపు కాళ్లు చాపుకుంది అనుకుంటారు, అనుకోనీ. ఎడమ పెడలు కడ్డీతో సహా ఊడి వచ్చిందనీ, అది ఇప్పుడు నా కొంగు కింద దాక్కుని ఉందనీ దారిన పోయేవాడికి తెలియాల్సిన పని లేదు. ఈ రోడ్డుకు ఒక పద్ధతి ఉంది. సీటూ హ్యాండిలూ నేలకు ఆనించి చక్రాలు పైకి పెట్టిన సైకిలు కనిపించిందంటే, సైకిలు మీద పోయేవాడెవడూ దాన్ని దాటిపోకూడదు. దిగాలి, ఏమైందని అడగాలి, చేతనైంది చెయ్యాలి. ఎవరు పెట్టారో తెలియదు, నేను మద్దేడుకు కాపురానికి వచ్చేనాటికే ఉంది. ఇక్కడ పొద్దున లేచింది మొదలు పడుకునేలోపు ఒక్కో మనిషి మూడు నాలుగు భాషలు మాట్లాడాలి, దీనికి మాత్రం ఏ భాషా అక్కర్లేదు, తలకిందులైన సైకిలే చెప్పాల్సిందంతా చెప్పేస్తుంది. మోటారు సైకిళ్ల వాళ్లకు ఈ పద్ధతి అంటలేదు. ఇందాకటి నుంచి ఎన్ని పోయాయో, ఒక్కడూ తల తిప్పలేదు, తిప్పకపోతే నాకే మంచిది. ముప్పై ఏళ్లుగా మద్దేడు అడ్డరోడ్డు దగ్గర సైకిళ్లు బాగుచేస్తున్న రామక్కను నేను. నేను చక్రాలు పైకి పెట్టుకుని కూర్చుంటే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, రేపటికి అడవంతా తెలుస్తుంది. చెయ్యను.

మోకాలి మీద తోలు లేచిపోయింది. నెత్తురు ఆరి చీర అంటుకుంది, లాగితే మంట. లాగకుండా ఉంటే సరి. కల్వర్టు దిగుడులో కాదు పడింది, దిగుడు దాటాక, చదునులో, అదే సిగ్గు. కింద ఇంకో మెట్టు ఉందనుకుని వేసిన అడుగులా కాలు ఉత్త గాలిలోకి పోయింది, ఆ పైన కంకర. పడగానే మోకాలు చూసుకోలేదు, పెడలు చూశాను. చూడగానే అర్థమైంది, కాటర్ పిన్ను పోయింది. చిటికెన వేలంత ఇనుప ముక్క, పెడలు కడ్డీని ఇరుసుకు పట్టి ఉంచేది అదొక్కటే. నట్టు ఎక్కడో ముందే జారిపోయి ఉంటుంది, ఆ తర్వాత పిన్ను గుంట గుంటకూ ఇంత ఇంత బయటికొచ్చి, నేను పాట పాడుకుంటూ తొక్కుతున్నప్పుడు ఎక్కడో చప్పుడు లేకుండా పడిపోయింది. అవును, పాట పాడాను, ఎవరూ లేరు కదా అని. కుంటుకుంటూ వెనక్కి పోయి వెతికాను. ఇప్పపువ్వు రాలే రోజులు, పువ్వు ఏరుకోవడానికి చెట్ల కింద ఆకులు కాల్చి పెట్టారు, నేలంతా నల్లటి మసి, ఆ మసిలో నల్లటి పిన్ను ఎవడికి దొరుకుతుంది. మద్దేడు ఇంకా ఆరు రాళ్ల దూరం. ఆరు కిలోమీటర్లు. పొద్దున్నుంచి ముప్పై పైన తొక్కి ఈ ఆరు దగ్గర చతికిలబడ్డాను.

కొత్త పిన్ను కొట్టాక ఒక కిలోమీటరు తొక్కి, ఆగి, మళ్లీ బిగించుకోవాలి. తొక్కుడుకు పిన్ను లోపల సర్దుకుంటుంది, సర్దుకున్నాక నట్టు వదులవుతుంది. ఈ మాట ఎన్ని వందల మందికి చెప్పాను! చెప్పడం కాదు, పిన్ను వేయించుకున్న ప్రతివాడినీ కిలోమీటరు రాయి దాకా తొక్కించి, వెనక్కి పిలిచి, మళ్లీ బిగించి గానీ పంపలేదు. విసుక్కునేవాళ్లు. "ఏందే రామక్కా, ఒక్కసారి బిగిస్తే సాలదా?" సాలదు. తొందరగా పోవాలనే వాణ్ని మరీ ఆపేదాన్ని. మరి నిన్న సాయంత్రం నా సైకిలుకు నేనే కొత్త పిన్ను కొట్టుకున్నాను, కొట్టాక రాయి దాకా పోయి రావాలా వద్దా? కొడుతున్నంతసేపూ గుమ్మంలో ఉపేంద్ర నిలబడి ఉన్నాడు, "రేపు మధ్యలో ఫోను చెయ్యి, వస్త, సిగ్గుపడకు" అన్నాడు, నాకు ఒళ్లు మండింది, సుత్తి అక్కడే పారేసి లోపలికి పోయి ముసుగు తన్ని పడుకున్నాను. పొద్దున లేచి అదే కోపంతో తొక్కాను. పానాల సంచీ కూడా వదిలేసి వచ్చాను, నేను బిగించిన సైకిలుకు దారిలో పానాతో పనేంటి అని. ఎవరినైనా తిట్టాలంటే ఇప్పుడు నన్నే తిట్టుకోవాలి, అది నాకు అలవాటు లేని పని.

వాడు చెడ్డవాడు కాదు, నా కొడుకు. పోయిన నెల ఎండలో రిమ్ము సరిచేస్తూ కళ్లు తిరిగి పడిపోయాను, లేచేసరికి వాడు నా మొహం మీద నీళ్లు చల్లుతూ ఏడుస్తున్నాడు, ముప్పై నాలుగేళ్ల మగవాడు. ఆ రోజు నుంచి ఒకటే పాట. దుకాణం మూసెయ్యి, నేను అక్కడ ఆన్‌లైన్ పనులు పెట్టుకుంటా, ఆధార్ పనులు, కులం సర్టిఫికెట్లు, ఫోటోలు, నువ్వు ఇంట్లో కూర్చో. సైకిళ్లు ఇప్పుడు ఎవడు తొక్కుతున్నాడు, అందరికీ బండ్లే కదా అంటాడు. ఎవడు తొక్కుతున్నాడా! లోపలి ఊళ్లవాళ్లు తొక్కడం లేదా, బడికి పోయే ఆడపిల్లలు తొక్కడం లేదా, బియ్యం బస్తా మోసేవాడు, కట్టెలు మోసేవాడు, పోలియో చుక్కల డబ్బా మోసేది? వాళ్ల బ్రేకులు ఆన్‌లైన్‌లో పడతాయా? మాటా మాటా పెరిగింది. "నీ సైకిలు మీద నువ్వు భోపాలపట్నం పోయి రా సూద్దాం, ఆ పైన దుకాణం సంగతి నేను నోరెత్తితే ఒట్టు" అన్నాడు, కోడలి ముందు, పక్కింటి వాళ్ల ముందు. అనకూడని మాట అన్నానని వాడికి వెంటనే తెలిసింది, మొహంలో కనిపించింది, కానీ నేను పట్టుకున్నాను. పోవాలి, రావాలి, సైకిలు మీద. ఇంకే బండి ఎక్కినా ఓడినట్టే. సరే అన్నాను. పోయాను కూడా, పొద్దెక్కకముందే చేరాను, అక్కడి సామాన్ల షాపులో ఫ్రీవీలు ఒకటి తీసుకున్నాను సాక్ష్యానికి, అది ఇదిగో క్యారియరు మీద తాళ్లలో బిగించి ఉంది, మెరుస్తూ, నన్ను చూసి నవ్వుతూ.

నడిపించుకుంటూ పోతే? నడిపిస్తే సైకిలు మీద వచ్చినట్టవుతుందా? సైకిలుతో వచ్చినట్టవుతుంది. వాడు ఊరుకున్నా పక్కింటి ఆవిడ ఊరుకోదు. ఒంటి పెడలుతో తొక్కితే? తొక్కేదాన్నే, పదేళ్ల కిందట అయితే, ఈ మోకాలు చూడు, వంచితే కళ్ల ముందు చుక్కలు. ఇది మగ సైకిలు, మధ్యలో కడ్డీ ఉన్నది, మా ఆయనది. మా కాశయ్యది. ఆడమనిషి చీర ఎత్తి కట్టుకుని కడ్డీ సైకిలు తొక్కడమేమిటని మా అత్త మూడు నెలలు మాట్లాడలేదు. ఆయన మాత్రం నేర్పాడు. సైకిలు తొక్కడమూ నేర్పాడు, విప్పడమూ నేర్పాడు, ఇరుసులోని ఇనుప గుండ్లు కిరసనాయిల్లో కడిగి ఒక్కొక్కటీ గ్రీజులో కూర్చోపెట్టడం నేర్పాడు. కోపం ఎక్కువ నాకు, ఆయనకు లేదు. ఎవడైనా వాడి సొంత తెలివితో ఏదన్నా అడ్డదిడ్డంగా కట్టుకొస్తే నేను తిట్టేదాన్ని, ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి, దారిలో దొరికినదానితోనే ఇంత చేశాడంటే గొప్పే కదా అనేవాడు. గొప్పేమీ లేదు అనేదాన్ని నేను. సైకిలు అంటే కొలత. కొలత తప్పితే అది సైకిలు కాదు అనేదాన్ని. ఇంకా ఏమేమి అన్నానో, ఇప్పుడు ఎందుకు గుర్తుకొస్తున్నాయి.

వచ్చేవాడు ఎవడో సైకిలు మీదే వస్తున్నాడు, రంగు రంగుల ప్లాస్టిక్ బకెట్లు, మగ్గులు, బుట్టలు, వాటి మధ్యలో ఎక్కడో మనిషి. దేవేంద్ర. ఊరూరా తిరిగి బకెట్లు అమ్ముకునే హిందీ మనిషి, ఆర్నెల్లకోసారి నా దగ్గర టైరు మార్పించుకుంటాడు. ఒక కాలు నేల మీద ఆనించి ఆగాడు. "దాయీ, సబ్ ఠీక్?" అమ్మా, అంతా బాగేనా అని. నేను కొంగు సర్దుకున్నాను. ఠీక్ అన్నాను. నీడకు ఆగాను అన్నాను. వాడు నా వైపు చూశాడు, సైకిలు వైపు చూశాడు, ఇంకేదో అడగబోయి నా మొహం చూసి మానుకున్నాడు. మద్దేడు వైపు వెళ్లిపోయాడు. బకెట్లు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేసుకుంటూ చాలా దూరం వినిపించాయి, ఆ చప్పుడు ఆగిపోయాక అడవి ఎంత నిశ్శబ్దంగా ఉందో తెలిసింది. నోటిదాకా వచ్చిన సాయాన్ని ఠీక్ అని పంపేశాను. నీళ్ల సీసాలో రెండు గుక్కలు మిగిలాయి. నీడ నా కాళ్ల మీది నుంచి జరిగి పోతోంది, ఎండ మోకాలి మీదికి వచ్చింది, ఇంకో అరగంటలో తల మీదికి వస్తుంది, పోయిన నెల లాగే కళ్లు తిరుగుతాయి, ఎవడో మోటారు సైకిలు వాడు అప్పుడు తప్పకుండా ఆగుతాడు, ఎక్కించుకుపోయి మా ఇంటి ముందు దింపుతాడు, ఉపేంద్ర మళ్లీ ఏడుస్తాడు, దుకాణం అయిపోతుంది. అట్లా కాదు. అట్లా మాత్రం కాదు.

ఇదే రోడ్డు. ఆ వానాకాలం. అడవిలో తుపాకుల కాలం, రోడ్లు తవ్వేసి ఉన్న రోజులు, బస్సులు ఆగిపోయిన రోజులు, ఎవరు ఎక్కడికి పోతున్నారని ఎవరూ ఎవరినీ అడగని రోజులు. కాశయ్యకు గుండెలో నొప్పి, క్యారియరు మీద కూర్చోబెట్టుకుని నేను తొక్కుతున్నాను, ఈ సైకిలే, ఎక్కడో ఇటువైపే ఆయన నా వీపు మీద వాలిపోయాడు. దింపి పడుకోబెట్టాను. ఆ పైన నేను ఏం చేశాను? అరవలేదు. అరిస్తే ఎవరు వస్తారో తెలియని రోజులు. సైకిలు తలకిందులు చేశాను. వానలో, రెండు చక్రాలూ పైకి పెట్టాను. నలుగురు వచ్చారు, నాలుగు సైకిళ్లు, ముందు ఒకరు, తర్వాత ముగ్గురు. ఏమైందని కూడా అడగలేదు. ఇద్దరు ఆయన్ను క్యారియరు మీద కూర్చోబెట్టి అటూ ఇటూ పట్టుకున్నారు, ఒకరు నడిపించారు, ఒకరు ముందు పోయి తవ్విన గోతుల మీద కొమ్మలు పరిచారు. గోతి రాగానే సైకిలునూ మనిషినీ కలిపి ఎత్తి అవతల పెట్టారు. భోపాలపట్నం ఆసుపత్రి దాకా వచ్చి, గేటు బయటే నిలబడి, నేను లోపలికి పోయి వచ్చేసరికి లేరు. పేర్లు అడగలేదు. ఆ రోజుల్లో పేరు అడగకపోవడమే మర్యాద. కాశయ్య ఇంకా మూడేళ్లు బతికాడు, ఉపేంద్ర పెళ్లి చూశాడు, పీటల మీద కొడుకు పక్కన కూర్చున్నాడు. ఆయన ప్రాణానికి చక్రాలు పైకి పెట్టినదాన్ని నా బతుకుతెరువుకు పెట్టలేనా? ఇదేం పొగరు? లేచాను. మోకాలు చీరను వదలనంది, లాగాను, అమ్మా, లాగాను. సైకిలును ఎత్తి తిప్పాను. సీటు మసిలో, హ్యాండిలు మసిలో, చక్రాలు పైకి. వెనక చక్రం దానంతటది కాసేపు తిరిగింది. చూడండిరా, రామక్క సైకిలు తలకిందులైంది, చూసేవాళ్లు చూడండి.

భోపాలపట్నం వైపు పోయే సైకిలు ముందు వచ్చింది. రెండు పక్కలా ఇప్పపువ్వు మూటలు, భుజాన గొడ్డలి, దోర్ల జాతి మనిషి, నలభై అయిదూ యాభై మధ్య ఉంటాడు. దూరం నుంచే చక్రాలు చూసి తొక్కుడు ఆపాడు, దిగాడు, స్టాండు వేశాడు. దగ్గరికొచ్చాక మొహం చూశాను. చూసి తల దించుకున్నాను. ఈ మనిషినా, దేవుడా, ఇన్ని వందల మందిలో ఈ మనిషినా పంపేది? ఎనిమిదేళ్లయిందో పదేళ్లయిందో. సంత రోజు, దుకాణం ముందు ముప్పై మంది. లోపలి ఊరి నుంచి ఎంత దూరం తొక్కుకుంటూ వచ్చాడో, పెడలు కదులుతోందని చూపించాడు. చూస్తే కాటర్ పిన్ను ఉండాల్సిన చోట కర్ర ముక్క. చెక్కిన చీల. నేను దాన్ని సుత్తితో కొట్టి బయటికి తీసి, చెయ్యెత్తి సంతంతటికీ చూపించాను. "ఇది సైకిలా, ఎడ్లబండా? కట్టె చీలతోని సైకిలు నడుపుతరా అడివిల?" అన్నాను. ముప్పై మందీ నవ్వారు. నేను ఎక్కువ నవ్వాను. చీలను దుమ్ములోకి విసిరేశాను. ఇనుప పిన్ను వేశాను, రాయి దాకా తొక్కించి మళ్లీ బిగించాను, పని మాత్రం ఎప్పటిలాగే చేశాను. వెళ్లేటప్పుడు ఆ మనిషి దుమ్ములో వంగి చీలను వెతుక్కుని, తుడిచి, మొలలో దోపుకున్నాడు. మళ్లీ నా దుకాణానికి రాలేదు. సంతలో కనిపించేవాడు, సంత అవతలి కొసన ఇంకో షాపు ఉంది, అక్కడికి పోయేవాడు. కాశయ్య ఉండి ఉంటే ఆ చీలను తిప్పి తిప్పి చూసి గొప్పే కదా అనేవాడు. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుంటే ఆయన మాటే గుర్తొచ్చింది, ముద్దతో పాటు మింగేశాను, పదేళ్లు మింగుతూనే ఉన్నాను.

"ఏం పోయింది?" అన్నాడు. కొంగు కింది నుంచి పెడలు కడ్డీ తీసి చూపించాను. కాటరు అన్నాను. వంగి ఇరుసు చూశాడు, కడ్డీకి ఉన్న బెజ్జం చూశాడు, అందులో చిటికెన వేలు పెట్టి కొలత తీసుకున్నాడు. లేచి నిలబడ్డాడు.

"ఇనుము లేదు నా తాన" అన్నాడు. "కట్టె ఉన్నది. కట్టె పని చేస్తదా? నువ్వే చెప్పు."

అడగడంలో ఎగతాళి లేదు. అదే కష్టం. ఎగతాళి చేసి ఉంటే నేనూ ఒకటి అనేదాన్ని, నోరు ఊరికే ఉండదు కదా నాది. నిజంగానే అడిగాడు, పని తెలిసిన మనిషిని అడిగినట్టు. ముప్పై ఏళ్ల పని నా నాలుక మీద నిలబడింది. చెయ్యదు అంటే నా మాట నిలుస్తుంది, నేను ఇక్కడే ఉంటాను. "చేస్తది" అన్నాను. ఇంకోసారి కూడా అన్నాను, గట్టిగా, "చేస్తది."

తల ఊపి అడవిలోకి నడిచాడు. ఈలోపు మద్దేడు వైపు పోయే సుశీల వచ్చింది. మా పక్క ఊరి మితానిన్, ఇల్లిల్లూ తిరిగి జ్వరాలకు మందులిచ్చే పిల్ల, నడుముకు సంచీ, సైకిలు వెనక పిల్లల బరువు తూచే తక్కెడ. ఆమె చక్రాల వంక చూసి, నా వంక చూసి, "పెద్దమ్మా, నువ్వా!" అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నేనే అన్నాను. ఏం, నా సైకిలుకు రోగం రాకూడదా అన్నాను. నవ్వుతూనే కూర్చుని మోకాలు కడిగింది, మండే మందు పూసింది, గుడ్డ కట్టింది, అరుస్తావేమో అనుకున్నా అంది, అరవను అన్నాను. గొడ్డలి మనిషి తునికి కొమ్మ పట్టుకొచ్చాడు, ఎండిపోయింది, లోపల నల్లగా ఉన్న చేవ. బీడీ ఆకుల కోసం అందరూ ఆ చెట్టు ఆకులే చూస్తారు, కట్టె ఎంత గట్టిదో గొడ్డలికే తెలుస్తుంది. మొద్దు మీద పెట్టి చెక్కాడు. గొడ్డలిని మెడ దగ్గర పట్టుకుని, పెన్సిలు చెక్కినంత సన్నగా. నాకు చేతులు ఆగవు. ఒక కొస సన్నగా రావాలి, ఒక పక్క చదునుగా రావాలి, ఆ చదును ఇరుసు చదును మీద కూర్చోవాలి, చెప్పాలని నోరు తెరుచుకుంటోంది, మూసుకున్నాను. చెప్పనక్కరలేదు. కొస సన్నగా వచ్చింది. చదును వచ్చింది. రెండుసార్లు పెట్టి చూశాడు, రెండుసార్లు తీసి చెక్కాడు, మూడోసారి సగం దాకా వేలితో దూరింది, అక్కడ ఆగింది. కొలత తప్పలేదు. గొడ్డలి వెనక్కి తిప్పి కొట్టాడు, మోత మారేదాకా కొట్టాడు, ఆ మోత నాకు తెలుసు, పిన్ను కూర్చున్నప్పటి మోత. మూటలు కట్టుకున్న ట్యూబు ముక్కల్లో ఒకటి విప్పి చీల జారకుండా చుట్టాడు, చాలలేదు, సుశీల తన తక్కెడకు కట్టుకున్నది విప్పి ఇచ్చింది. మూటలేమో ఇప్ప కొమ్మకు వేలాడదీశాడు, ఎడ్లు తినకుండా. నీ మూటలు అన్నాను. "ఎవరు తీస్తరు?" అన్నాడు. నీ దారి అటు కదా అన్నాను. సైకిలును నా ముందు నిలబెట్టి అప్పుడు చెప్పాడు. "కిలోమీటరు పోయినంక ఆగాలె. మల్ల కొట్టాలె. సర్దుకుంటది కద, వదులైతది. గొడ్డలి నా తాన ఉన్నది, నేను రావాలె."

నా మాట. అక్షరం పొల్లు పోకుండా నా మాట. ఆ రోజు నవ్వు మధ్యలో చెప్పిన మాటను నవ్వు నుంచి వేరు చేసి, దాచుకుని, ఇన్నేళ్లు వాడుకుని, నాకు తెచ్చి ఇచ్చాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎండ అని చెప్పుకున్నాను, ఎండ కాదు. సైకిలెక్కాను. కుడి కాలితో గట్టిగా, ఎడమ కాలితో మెల్లగా, చీల మీద బరువు పడకుండా, ముందు ఆ మనిషి ఖాళీ సైకిలు, వెనక సుశీల, నేను పడితే పట్టుకోవడానికి. కదిలింది. తిరిగింది. చక్రం కింద మసి, మసి దాటి తారు. మొదటి రాయి దగ్గర దిగాం, నాలుగు దెబ్బలు. రెండో రాయి, మూడు దెబ్బలు. ఎండ నడినెత్తికి వచ్చింది, అయినా కళ్లు తిరగలేదు, కళ్లు తిరగడానికి ఇప్పుడు తీరికేది. ఇట్లా పోతే చీకటి పడుతుందేమో అంది సుశీల, పడనీ అన్నాను, ఆగిన చోటల్లా కొడితే ఎంత దూరమైనా పోతుంది, ఈ సంగతి ముప్పై ఏళ్ల కిందటే నాకెవరూ ఎందుకు చెప్పలేదు.

మూడో రాయి దగ్గర బకెట్ల చప్పుడు. దేవేంద్ర ఎదురొస్తున్నాడు, ఆకుపచ్చ బకెట్లో నీళ్లు తొణుకుతున్నాయి, వాడి ముందు మోటారు సైకిలు మీద ఉపేంద్ర. చెప్పేశావట్రా అన్నాను. "దాయీ, సైకిల్ ఖడీ థీ, పెడల్ కహాఁ థా? ముఝే దిఖతా నహీఁ క్యా?" అన్నాడు, చక్రాలు పైకి లేకపోయినా పెడలు లేదని వాడికి కనిపించింది, బకెట్ల మధ్య నుంచి. కడుపు నిండా నీళ్లు తాగాను. ఉపేంద్ర దిగాడు, నా మోకాలి గుడ్డ చూశాడు, వాడి మొహం పాలిపోయింది, గొంతు మాత్రం గట్టిగా పెట్టాడు.

"ఎక్కమ్మా బండి. ఇగ చాలు. పిన్ను పోయింది, పడ్డవ్, దెబ్బ తగిలింది, ఇంకేంది?"

"సైకిలు మీద రావాలన్నవ్. పిన్ను ఇనుముదే ఉండాలని అన్నవా?"

"అట్ల కాదమ్మా. ఇంతమంది పట్టుకొని తెస్తుంటే నువ్వు తొక్కినట్టేంది?"

అప్పుడు వచ్చింది కోపం, పొద్దుటి కోపం కాదు, వేరే కోపం, శుభ్రమైనది. "ఇంతమంది లేకుండ ఈ రోడ్డు మీద ఎవడు ఇల్లు చేరిండురా? మీ నాయిన చేరిండా? నీ పెండ్లిల పీటల మీద కూసున్నడు చూడు మీ నాయిన, ఎట్ల కూసున్నడు? నలుగురు సైకిళ్లోళ్లు మోసుకొచ్చి కూసోపెట్టిన్రు. వాళ్లు ఆగినప్పుడు అది ఓటమి కాలే. నాకు ఆగితే ఓటమైతదా?" గొంతు పెద్దదైంది, అడవి అంతా వినిపించి ఉంటుంది, వినిపించనీ. వాడు బండి తిప్పుకున్నాడు. పోతాడనుకున్నాను, పోలేదు, మా వెనకే మెల్లగా వస్తున్నాడు, ఇంజను ఆపేసి, కాళ్లతో నెట్టుకుంటూ. నాలుగో రాయి దగ్గర గొడ్డలి మనిషి చెమట తుడుచుకుంటుంటే వాడు చెయ్యి చాపాడు. "ఇటియ్యి మామా, ఎట్ల కొట్టాలె?" అన్నాడు. గొడ్డలి అందుకుని కొట్టాడు, మొదటి దెబ్బ వంకరగా పడింది, నేను ఊరుకోలేదు, నిటారుగా కొట్టు అన్నాను, మోత మారేదాకా కొట్టు అన్నాను. కొట్టాడు. మారింది. వాడు తలెత్తి నన్ను చూశాడు, చిన్నప్పుడు మొదటిసారి గుండ్లు కూర్చోపెట్టిన రోజు చూసినట్టే చూశాడు.

ఊళ్లోకి తిరిగే మూల దగ్గర చివరి రాయి. ఇక్కడి నుంచి మా అడ్డరోడ్డు, టీ బండి, షట్టరు వేసిన దుకాణం కనిపిస్తాయి. గొడ్డలి మనిషి సైకిలు వెనక్కి తిప్పుకున్నాడు, మూటలు కొమ్మకు ఉన్నాయి, భోపాలపట్నం ఈ రోజుకు ఇక లేదు. పోనివ్వలేదు. హ్యాండిలు పట్టుకున్నాను. "పేరేంది నీది?" అన్నాను. ఆ నలుగురినీ అడగలేకపోయిన మాట. మాసా అన్నాడు. "మాసా, ఊర్లకు రా. ఆ రోజు సంతల అందరి ముందు నవ్విన. ఇయ్యాల అందరి ముందే చెప్త, తప్పు నాదని."

మాసా కొంచెం నవ్వాడు, పళ్లు కనిపించకుండా. "చెప్పుడెందుకక్కా. అవతలి షాపోడు బ్రేకులు సక్కగ చెయ్యడు. ఎన్ని దినాలైనా కిర్రుమంటనే ఉంటయి. వచ్చే సంతకు నా సైకిలు తెస్త." ఆగాడు. షట్టరు వేసిన దుకాణం వైపు చూశాడు. "నీ దుకాణం ఉంటదా?"

జవాబు చెప్పాల్సింది నేను కాదు. సుశీల చూసింది, దేవేంద్ర బకెట్లు చప్పుడు కాకుండా పట్టుకున్నాడు, అందరం ఒక్క మనిషి వైపే చూశాం. ఉపేంద్ర చేతిలో గొడ్డలి ఇంకా ఉంది. దాన్ని మాసాకు తిరిగి ఇచ్చాడు, రెండు చేతులతో.

"ఉంటది మామా" అన్నాడు. "పొద్దున్నే మా అమ్మ తెరుస్తది."

నేను సైకిలెక్కాను. తునికి చీల కిర్రుమనలేదు. "విన్నవ్ కద" అన్నాను కొడుకుతో. "బండి ఉన్నోడివి, ముందు పోయి షట్టరు తియ్యి. నేను సైకిలు మీద వస్తున్న."